రేవు కాపలా పటం గీద్దాం – మూడో పాఠం: తలుపు ఓడ

పోయిన పాఠంలో గీసిన రేవు పటం ముందు పెట్టుకోండి. ఒడ్డు, మొగ, లోతు అంకెలు అందులో ఉన్నాయి. ఈసారి మొగకు, అంటే రేవులోకి వచ్చే దారికి, అడ్డంగా శత్రు జలాంతర్గాములను ఆపే వల కట్టి సహాయక ఓడలను నిలుపుదాం. నల్లగొండ, మిర్యాలగూడ పిల్లలు నేవీ పరీక్షలకు పోతున్నారు. సముద్రం చూడకున్నా ఈ లెక్క కాగితం మీద వస్తుంది.

వల ఉక్కు తీగలది. పైన బోయలనే పీపాలు తేలుతుంటాయి, కింద లంగర్లు పట్టి ఉంచుతాయి. మన ఓడలు వచ్చిపోవడానికి నడుమ తలుపు ఉంటుంది. దాన్ని లాగి తెరిచేది, మూసేది తలుపు ఓడ. పానగల్ ఉదయసముద్రం తూము దగ్గర నీరటికి ఉండే బాధ్యతే దీనిది. పెద్ద ఫిరంగులేవీ ఉండవు, అయినా పటంలో ముందు దీన్నే గుర్తించండి. తలుపు తెరిచి ఉన్నంతసేపూ వల ఉన్నా లేనట్టే.

వచ్చే ఓడ ఎవరిదో కనుక్కునే తనిఖీ ఓడను వల బయట, మైన్లు (నీళ్లలో పెట్టిన బాంబులు) ఏరే ట్రాలర్లను ఓడల దారి వెంట, గస్తీ పడవలను వల లోపల పెట్టండి. రెండో ప్రపంచ యుద్ధంలో వీటిలో చాలామటుకు నేవీ తీసుకున్న చేపల ఓడలు, షికారు పడవలే.

1942 మే 31 రాత్రి ఆస్ట్రేలియాలోని సిడ్నీ రేవుకు మూడు జపాన్ బుల్లి జలాంతర్గాములు వచ్చాయి. అక్కడి వల ఇంకా పూర్తికాలేదు, రెండు కొసల్లోనూ సందులున్నాయి. 8 గంటలకు మొదటిది సముద్రం అడుగున పరిచిన తీగ మీదుగా పోయింది. తీగ పసిగట్టింది గానీ, ఫెర్రీలు తిరిగే వేళ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 8:15కు అది వలలో చిక్కుకోవడం కాపలాదారు జేమ్స్ కార్గిల్ చూశాడు. తెడ్లు వేసుకుంటూ పోయి గస్తీ పడవ యర్రోమాకు చెప్పాడు. లోలిటా అనే ఇంకో పడవ డెప్త్ చార్జీలు (నీళ్లలో కొంత లోతుకు పోయాక పేలే బాంబులు) వేస్తే, నీళ్ల లోతు చాలక పేలలేదు. చివరికి 10:35 ప్రాంతంలో లోపలివాళ్లే దాన్ని పేల్చేసుకున్నారు. ఈ లోపలే, 9:48కు, ఇంకొకటి జొరబడింది. అర్ధరాత్రి దాటాక అది వదిలిన టార్పెడోకు, నావికుల బసగా మార్చిన ఫెర్రీ కుట్టబుల్ మునిగి 21 మంది చనిపోయారు. వల పట్టింది, కబురే ఆలస్యమైంది. నన్ను బాగా కలచివేసేది అదే.

ఇక మీ పని. జలాంతర్గామి వేగం 4 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు) అనుకుంటే నిమిషానికి సుమారు 123 మీటర్లు. వల నుంచి పెద్ద ఓడ లంగరేసిన చోటు 3 కిలోమీటర్లయితే మీకున్నది 24 నిమిషాలు. తలుపు ఓడ చూడటం, ఒడ్డుకు సిగ్నల్, గస్తీ పడవకు ఆజ్ఞ, అది చేరడం, నాలుగూ అందులో పట్టాలి. ఒక్కోదానికి ఎన్ని నిమిషాలో పటం పక్కన రాయండి. పట్టకపోతే గస్తీ పడవను వలకు దగ్గరగా జరిపి, అక్కడి లోతు అంకె చూసుకుని మళ్లీ లెక్క కట్టండి.