ఆత్మహత్యల నివారణ కోసం ఊళ్ళో ఛారిటీ రన్ ఎలా పెట్టాలి?

కోనసీమలో మా ఊరి కాలువ గట్టు మీద మొదటిసారి ఈ రన్ పెట్టినప్పుడు, జనం రావాలని డీజే పెట్టాం. జనం బాగానే వచ్చారు. కొడుకు పోయి ఏడాది కూడా నిండని ఒకావిడ మాత్రం గేటు దాకా వచ్చి, ఒక్క క్షణం నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. ఆవిడ కోసమే పెట్టిన రన్‌లో ఆవిడకే చోటు లేకుండా చేశాం. మరుసటి ఏడాది నుంచి పని మొదలుపెట్టే వరస మార్చుకున్నాం. మీరూ పెట్టాలనుకుంటే ఈ వరసలో వెళ్ళండి.

ముందు ఆ ఇళ్ళకు వెళ్ళండి

టీ షర్టులూ స్పాన్సర్లూ తర్వాత. రెండు నెలల ముందే, మనిషిని పోగొట్టుకున్న కుటుంబాల దగ్గరకు ఇద్దరే ఇద్దరు వెళ్ళండి. అందులో ఒకరు ఆడవాళ్ళయితే మేలు. మన వైపు పెద్దకర్మ దాకా ఇల్లు చుట్టాలతో నిండి ఉంటుంది, ఆ తర్వాత గుమ్మం తొక్కేవాళ్ళుండరు. ఇలాంటి చావు జరిగిన ఇంటికి వచ్చే కొద్దిమంది కూడా "అసలు ఎందుకు చేసుకున్నాడండీ?" అని ఆరా తీయడానికే వస్తారు. మీరు ఆ మాట అడగొద్దు. పోయినవాళ్ళ పేరు పెట్టి మాట్లాడండి. ఆ పేరు బయటివాళ్ళ నోట విని ఎన్నాళ్ళయిందో వాళ్ళకు. "వస్తే సంతోషం, రాకపోయినా ఏమీ అనుకోం" అని చెప్పి, టీ ఇస్తే తాగి వచ్చెయ్యండి.

పేరు మైకులో చదవచ్చా, ఫొటో పెట్టొచ్చా, ఇంట్లోవాళ్ళు మాట్లాడతారా? ఈ మూడూ విడివిడిగా అడగాలి. ఇంట్లో ఒకరు సరేనని మరొకరు వద్దంటే, వద్దన్నట్టే లెక్క.

ఒక తండ్రి మాతో, "పేరు పైకి చదవకండి బాబూ, నా చొక్కా మీద రాసుకుంటాను, అది చాలు" అన్నారు. అప్పటి నుంచి ఛాతీకి పెట్టుకునే నంబర్ కాగితం మీద "నేను నడుస్తున్నది ........ కోసం" అని ఖాళీ వదులుతున్నాం. కొందరు "నా కోసం" అని రాసుకుంటారు. అది చూసి వాలంటీర్లు ఎవరూ ఏమీ అడగకూడదు. ఇది ముందే గట్టిగా చెప్పండి.

తేదీ

సెప్టెంబర్ 10 ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం, 2003 నుంచి జరుగుతోంది. ఆ రోజుకు దగ్గరి ఆదివారం పెట్టుకోవచ్చు. కాకపోతే డెల్టాలో సెప్టెంబర్ అంటే వరదల కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికే లంక గ్రామాల వాళ్ళు పడవల మీదుంటారు, పోలీసులూ రెవెన్యూ వాళ్ళూ గట్ల మీదుంటారు. అందుకని కరపత్రంలోనే "మొదటి హెచ్చరిక ఇస్తే రెండు వారాలు వాయిదా" అని వేసేయండి. నవంబర్‌కు జరుపుదామంటే సార్వా కోతలు, తుపానులు. నన్నడిగితే సంక్రాంతి తర్వాత చల్లటి ఆదివారమే హాయి.

రూట్: వంతెన వద్దు

కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "గోదావరి బ్రిడ్జి మీద పెడదాం, డ్రోన్ షాట్ అదిరిపోద్ది" అని. ఒప్పుకోకండి. ఎవరికి ఏ చోటుతో ఎలాంటి జ్ఞాపకం ముడిపడి ఉందో మనకు తెలియదు. అందుకే వంతెన మీద, రేవులో, రైలు గేటు దగ్గర స్టార్టింగ్ పాయింట్ గానీ, ఫొటోలు గానీ పెట్టకండి. హైస్కూల్ గ్రౌండ్‌లో మొదలై, లాకుల దాకా వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చే దారి చాలు.

పరిగెత్తేవాళ్ళకు 5 కిలోమీటర్లు, నడిచేవాళ్ళకు 2. రెండూ ఒకేచోట ముగియాలి. టైమింగ్ చిప్పులూ ఫస్ట్ ప్రైజులూ అక్కర్లేదు. పోటీ పెడితే కుర్రాళ్ళు ముందుకు దూసుకుపోతారు, అమ్మమ్మలు వెనక మిగిలిపోతారు.

గట్టు ఒండ్రు మట్టిది, చినుకు పడితే జారుడు బల్లే. కాబట్టి తారు రోడ్డున్న గట్టు ఎంచుకుని, కాలువ వైపు ప్రతి వంద మీటర్లకూ ఒక వాలంటీర్‌ను నిలబెట్టండి. వీలైతే ఈత వచ్చినవాళ్ళను. చేపల లారీలూ పాల వ్యాన్లూ ఏ వేళకు తిరుగుతాయో ఒకరోజు ముందుగా వెళ్ళి చూసుకోండి. ఉదయం ఆరింటికి మొదలుపెడితే ఏడున్నరకల్లా అయిపోవాలి, ఆ తర్వాత మన ఉక్కపోత సంగతి తెలిసిందే.

పంచాయతీకి, పోలీస్ స్టేషన్‌కు, గట్టు వాడితే ఇరిగేషన్ వాళ్ళకు నెల ముందే దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఊరి పీహెచ్‌సీకి చెప్పండి, 108 వచ్చే దారి ఖాళీగా ఉంచండి. దాహానికి మజ్జిగ, కొబ్బరి బోండాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచా కొలతే, పైకి కుప్ప పోయకుండా.

ఫ్లెక్సీ మీద, మైకులో ఏం మాట్లాడాలి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. నాయకుల ఫొటోలతో ఫ్లెక్సీ కడితే రన్ కాస్తా ఎన్నికల ర్యాలీ అవుతుంది. పోయినవాళ్ళ ఫొటోలకు దండలేసి వరసగా పెట్టడం కూడా వద్దు. బాధలో ఉన్న కుర్రాడికి "నేనూ పోతే ఇలా గుర్తుపెట్టుకుంటారు" అనిపించకూడదు కదా.

ఎలా పోయారన్నది ఎవరూ మైకులో చెప్పకూడదు. పరీక్ష తప్పాడని, అప్పుల వల్లని ఒక్క కారణానికి కట్టేయకూడదు. "పిరికివాళ్ళు చేసే పని" అనే ఉపన్యాసకుణ్ణి పిలవకండి, ఎదురుగా ఆ పిల్లవాడి తల్లి కూర్చుని ఉంటుంది. పేపర్లలో వచ్చే "విఫలయత్నం" అనే మాట కూడా మానేయండి, మనిషి బతికితే అందులో విఫలమేముంది? ఆత్మహత్య అనే మాటలోనే "హత్య" ఉంది, దానికి బదులు మాట నాకూ దొరకలేదు. "చేసుకున్నాడు" అనకుండా "ఆత్మహత్య వల్ల చనిపోయాడు" అంటే కొంత నయం.

ఫ్లెక్సీ మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది 14416. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రింటుకు ఇచ్చే ముందు మీరే ఒకసారి ఫోన్ చేసి చూడండి.

మాట్లాడే బల్ల

ముగింపు దగ్గర, మైకుకు దూరంగా, చెట్టు కింద ఒక బల్ల, నాలుగు కుర్చీలు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్ళకు ముందే ఉత్తరం రాస్తే కౌన్సిలర్‌ను పంపమని అడగొచ్చు. వాలంటీర్లకు రెండు సంగతులు నేర్పండి. ఒకటి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. చాలామందికి అలా అడిగినవాళ్ళు దొరకడమే ఊరట. ఔనంటే ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి కౌన్సిలర్‌కు అప్పగించాలి. రెండోది, "చెబితే కేసు పెడతారేమో" అనే భయం. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా అలాంటి మనిషికి చికిత్స, ఆసరా ఇవ్వమనే చెబుతుంది.

డబ్బు

ఎవరి సొంత ఫోన్‌పేకూ వెయ్యనివ్వకండి. రిజిస్టరైన సొసైటీ ఖాతాలోకే రావాలి, చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి. మీకు సొసైటీ లేకపోతే ఉన్నవాళ్ళతో కలవండి. వచ్చిందెంత, ఖర్చెంత అని పంచాయతీ బోర్డుకు అంటించండి. మా ఊళ్ళో ఆ డబ్బు ఎక్కువగా ఆసుపత్రికి వెళ్ళొచ్చే బస్సు చార్జీలకూ, తండ్రి పోయిన పిల్లల ఫీజులకూ పోయింది. ఎవరికిచ్చామో మాత్రం బోర్డు మీద రాయం.

రన్ అయ్యాక

టెంట్లు విప్పేశాక అలసట ఉంటుంది, ఫోన్లు పక్కన పడేస్తాం. మూడో రోజున మాత్రం వచ్చిన ప్రతి కుటుంబానికీ ఫోన్ చెయ్యండి, ఆ గట్టు మీద కదిలిన దుఃఖం ఇంటికెళ్ళాక పొంగుతుంది. వాలంటీర్లకూ చెయ్యండి, వాళ్ళలోనూ ఎవరో ఒకరు "నా కోసం" అని రాసుకున్నవాళ్ళుంటారు. తర్వాత ఒక నోటు పుస్తకంలో ఒక్కో ఇంటి సంవత్సరీకం తేదీ రాసి పెట్టుకోండి. ఆ రోజు చెప్పాపెట్టకుండా కాదు, ముందు ఫోన్ చేసి, అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళి కాసేపు అరుగు మీద కూర్చుని రండి.