బీ-స్కూల్ (ఎంబీఏ కాలేజీ) ఇంటర్వ్యూ, 4వ పాఠం: "మీలో ఏం మారాలనుకుంటున్నారు?"

పోయిన పాఠం చివర, మీ ఎదుగుదల లక్ష్యం ఒకటి నాలుగు వాక్యాల్లో రాసి పంపమన్నాను. వచ్చినవన్నీ చదివాను. ఉదాహరణ ఇవ్వకుండా వదిలేయడం నా పొరపాటే. చాలామంది "ఐదేళ్లలో ప్రొడక్ట్ మేనేజర్ అవుతాను" అని రాశారు. అది కెరీర్ లక్ష్యం, దాని సంగతి 2వ పాఠంలోనే అయిపోయింది. ఇక్కడ అడిగేది మీరు ఏ కుర్చీలో కూర్చుంటారని కాదు, మనిషిగా మీలో ఏం మారాలి అని. అందుకే ఈసారి అనుకున్న గ్రూప్ డిస్కషన్ పాఠం పక్కనపెట్టి దీన్నే సరిచేద్దాం.

మిగిలినవాళ్లు దాదాపు అందరూ రాసిన మాట: "కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచుకోవాలి." దయచేసి ఈ వాక్యం వాడకండి. పొద్దుట్నుంచి ఇదే వింటున్న ప్యానెల్‌కి మీరు గుర్తుండరు, అది ఒకటి. అసలు సమస్య వేరే ఉంది. ఆ మాటలో మీరు లేరు. ఎవరితో మాట్లాడలేకపోతున్నారు? క్లయింట్‌తోనా, మేనేజర్‌తోనా, మీకింద పనిచేసేవాళ్లతోనా? తెలియక మాట్లాడరా, తెలిసీ నోరు మెదపరా? "లీడర్‌షిప్", "టైమ్ మేనేజ్‌మెంట్" కూడా ఇంతే. "నేను ప్రతిదీ పర్ఫెక్ట్‌గా చేయాలనుకుంటాను, అదే నా లోపం" అనేది ఇంకా ఘోరం, లోపం అడిగితే గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుంది. పెద్ద పేరున్న లక్ష్యం కనబడితే కొట్టేసి, దాని వెనక ఉన్న ఒక్క రోజుని వెతకండి.

నా దగ్గర ప్రిపేరైన ఒకబ్బాయి, హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం. ముందు అతనూ కమ్యూనికేషనే అన్నాడు. గుచ్చిగుచ్చి అడిగితే ఒక సాయంత్రం బయటికొచ్చింది. క్లయింట్ కాల్‌లో పద్నాలుగు మంది ఉన్నారు, రిలీజ్ తేదీ ఖాయం చేస్తున్నారు, పేమెంట్ పేజీలో బగ్ ఉందని అతనికి తెలుసు. మైక్ అన్‌మ్యూట్ చేశాడు, మళ్లీ మ్యూట్ చేశాడు. కాల్ అయ్యాక మేనేజర్‌కి చాట్‌లో పెట్టాడు. అప్పటికే తేదీ చెప్పేశారు. అతని లక్ష్యం ఇప్పుడిది: "నాకు తెలిసింది, నిర్ణయం జరగకముందే, అందరి ముందు చెప్పగలగాలి." రెండు నెలలుగా ప్రతి సోమవారం మీటింగ్‌లో మొదటి పది నిమిషాల్లోనే ఒక్క మాటైనా మాట్లాడుతున్నాడు. సంఘటన, లక్ష్యం, ఇప్పటికే మొదలెట్టిన పని, ఈ మూడూ ఉంటే చాలు.

ఆ మూడోది లేకపోతే దొరికిపోతారు. "దీనికోసం ఇప్పటిదాకా ఏం చేశారు?" అనేదే తర్వాతి ప్రశ్న. "అక్కడికొచ్చాక నేర్చుకుంటా" అంటే నడవదు. ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)లో పీజీపీ అనే మేనేజ్‌మెంట్ కోర్సు ఏడాది, ఐఐఎంలలో మామూలు ఎంబీఏ రెండేళ్లు, ఎక్కడైనా మొదటి టర్మ్ నుంచే ఊపిరాడదు. "మా స్కూలే ఎందుకు?" అంటే వెబ్‌సైట్‌లోని క్లబ్బుల పేర్లు అప్పజెప్పొద్దు. ఆ అబ్బాయికి నేను చెప్పించింది ఒక్కటే: "కేస్ మెథడ్‌లో ముందురోజు చదువుకుని వచ్చి క్లాసులో నోరు విప్పాల్సిందే, చాలా కోర్సుల్లో దానికి మార్కులు కూడా ఉంటాయి, నాకు కావలసిన ఒత్తిడి అదే." (కేస్ మెథడ్ అంటే ఒక కంపెనీకి ఎదురైన సమస్యని క్లాసులో చర్చిస్తూ నేర్చుకోవడం.)

ఇక భాష. నా పద్ధతి ఏంటంటే, ముందు తెలుగులో, ఇంట్లో అక్కకి చెప్పినట్టు చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేయండి, తర్వాతే ఇంగ్లీష్. నేరుగా ఇంగ్లీష్‌లో రాస్తే మళ్లీ ఆ పెద్ద మాటలే వచ్చి కూర్చుంటాయి. బట్టీ అసలొద్దు, మధ్యలో ఒక ప్రశ్న పడితే తెగిపోతుంది.

అభ్యాసం ఈసారి కష్టమైనదే. మీతో పనిచేసిన ముగ్గురికి ఫోన్ చేయండి, అందులో ఒకరు మీతో పడనివాళ్లై ఉండాలి. "నేను ఎప్పుడు మీకు ఇబ్బంది కలిగించాను?" అని అడిగి, సర్దిచెప్పుకోకుండా విని, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆదివారంలోగా ఆ మూడూ, వాటిలోంచి తీసిన ఒక్క లక్ష్యం పంపండి. లక్ష్యం ఒక్కటే పంపితే చూడను.