కారు ఇంజిన్ పని నేర్చుకుందాం – 7వ పాఠం: హెడ్ బిగించాక మిస్సింగ్ వస్తే

గత పాఠంలో హెడ్ (సిలిండర్ల పైమూత) దించి, లేత్ షాపులో ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి), వాల్వులు గ్రైండ్ చేయించి, కొత్త గ్యాస్కెట్‌తో తిరిగి బిగించాం. ఇప్పుడు బండి స్టార్ట్ అయింది. కానీ ఇంజిన్ ఊగుతోంది, పికప్ లేదు, సైలెన్సర్ శబ్దంలో మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతోంది. ఇంత పని చేశాక ఇలా వస్తే ఎవరికైనా టెన్షనే. ఈ పాఠమంతా ఆ మిస్సింగ్ గురించే. కె12 ఇంజిన్ ఉన్న పాత స్విఫ్ట్ లాంటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండిని మనసులో పెట్టుకుని చదవండి.

రిపేరుకు ముందు లేని మిస్సింగ్ రిపేరు తర్వాత మొదలైందంటే, కారణం చాలావరకు మన చెయ్యి పడిన చోటే ఉంటుంది. నిన్నటిదాకా బాగా పనిచేసిన కాయిల్ (ప్లగ్‌కు కరెంటు ఇచ్చేది), ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది) బండి షెడ్డులో ఉన్న నాలుగు రోజుల్లో వాటంతటవే చెడిపోవడం అరుదు. కాబట్టి కొత్త సామాను కొనడానికి పరుగెత్తకండి. ముందు ఒక కాగితం తీసుకుని మనం విప్పినవన్నీ వరుసగా రాయండి: ఏ కనెక్టర్, ఏ పైపు, ఏ ఎర్త్ వైరు, ఏ బోల్టు. వెతుకులాట ఆ కాగితంతోనే మొదలవ్వాలి.

ఇంకో మాట. ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే పైపు) విప్పి ఉంటే అందులో గాలి చేరుతుంది. అందుకే మొదటి స్టార్టింగ్‌లో కాసేపు తడబడినా కంగారు పడక్కర్లేదు. రెండు మూడు నిమిషాల్లో సర్దుకోవాలి. సర్దుకోకపోగా చెక్ ఇంజిన్ లైటు మినుకుమినుకుమంటుంటే మాత్రం వెంటనే బండి ఆపేయండి. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని దాని అర్థం. హెడ్ పనికి అయిన ఖర్చు మీద కన్వర్టర్ ఖర్చు కూడా పడుతుంది.

స్కానర్ పెట్టండి. పీ0301 నుంచి పీ0304 వరకు ఉన్న కోడ్‌లలో చివరి అంకె సిలిండర్ నంబరు. పీ0300 అంటే ఒక్క సిలిండర్ అని తేల్చలేని మిస్సింగ్. నాలుగు సిలిండర్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే ప్రతి 180 డిగ్రీలకు ఒక దెబ్బ పడాలి. ఏ దెబ్బ దగ్గర క్రాంక్ వేగం తగ్గిందో క్రాంక్ సెన్సార్ ద్వారా చూసి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఆ నంబరు చెబుతుంది. అంటే అది చెప్పేది దెబ్బ ఎక్కడ తప్పిందో మాత్రమే. ఎందుకు తప్పిందో మనమే తేల్చాలి.

పీ0302 వచ్చిందనుకుందాం. రెండో సిలిండర్ కాయిల్‌ని నాలుగో దానికి, నాలుగోది రెండుకు మార్చి, కోడ్ చెరిపేసి బండి నడపండి. కోడ్ పీ0304 అయితే దోషం కాయిల్‌ది. కదలకపోతే ప్లగ్‌తోనూ ఇదే పని చేయండి. తీసిన ప్లగ్‌ని వెలుతురులో తిప్పి చూడండి. బిగించేటప్పుడు సాకెట్ పక్కకు ఒరిగితే తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత పగులు వస్తుంది, అది పైకి తేలిగ్గా కనిపించదు. ప్లగ్ గుంతలో ఆయిల్ గానీ కూలెంట్ గానీ నిలిచినా స్పార్క్ పక్కదారి పట్టి బాడీకి పోతుంది. కనెక్టర్లు తారుమారైనా మిస్సింగే. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 కాబట్టి 2, 3 కాయిల్ కనెక్టర్లు అటూ ఇటూ అయితే రెండు సిలిండర్లూ ఒకేసారి పడిపోతాయి.

ఐడిలింగ్‌లో ఊగి, యాక్సిలరేటర్ ఇస్తే బాగైపోతుంటే గాలి లీకును అనుమానించండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ మడత పడి ఉండొచ్చు, బ్రేక్ బూస్టర్ పైపు ఊడి ఉండొచ్చు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే శాతం) ఐడిలింగ్‌లో +20 దగ్గర ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగితే మీ అనుమానం నిజమే. లీకు పట్టడానికి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చల్లేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, క్షణంలో మంట లేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే కంప్రెషన్ చూడాలి. దీన్ని తొందరపడి చేస్తే అంకెలు అబద్ధం చెబుతాయి. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. నాలుగు ప్లగ్‌లూ తీసేయండి. కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు పీకేయండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్రతి సిలిండర్‌కూ గేజ్ ముల్లు అయిదారు సార్లు ఎగిరేదాకా సెల్ఫ్ కొట్టండి. చివరి అంకెతో పాటు మొదటి దెబ్బకు ముల్లు ఎంత లేచిందో కూడా రాసుకోండి.

ఉదాహరణకు 180, 95, 90, 175 పీఎస్ఐ వచ్చాయనుకోండి. పక్కపక్కన ఉన్న 2, 3 రెండూ సగానికి పడ్డాయంటే వాటి మధ్య గ్యాస్కెట్ పట్టలేదు, ఒకదాని గాలి ఇంకోదాంట్లోకి పోతోంది. ఫేసింగ్ తేడా, బోల్టులను వరుస తప్పి టార్క్ చేయడం, బోల్టు గుంతలో ఆయిల్ నిలిచిపోవడం, వీటిలో ఏదో ఒకటి. హెడ్ మళ్లీ దించక తప్పదు.

ఒక్కటే తక్కువగా ఉంటే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ముల్లు బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు.

వాల్వు విషయంలో కాసేపు ఆగాలి. వాల్వు, సీటు గ్రైండ్ చేసినప్పుడు వాల్వు సీటులోకి కాస్త దిగుతుంది. దిగిన మేరకు దాని కాడ కామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) వైపు పైకి లేస్తుంది, ట్యాపెట్ గ్యాప్ (కామ్‌కూ దాని కింది ట్యాపెట్‌కూ మధ్య సందు) తగ్గిపోతుంది. షిమ్ (గ్యాప్ సర్దే పలుచని బిళ్ల) గానీ, లెక్కకు సరిపడే మందం ఉన్న ట్యాపెట్ గానీ వేయకుండా పాతవే పెడితే, చల్లగా ఉన్నప్పుడు బండి బాగానే నడుస్తుంది. వేడెక్కి కాడ సాగేసరికి గ్యాప్ పూర్తిగా పోయి వాల్వు సీటు మీద కూర్చోదు, మిస్సింగ్ మొదలవుతుంది. పొద్దున బాగుండి పది కిలోమీటర్లు తిరిగాక మొరాయించే బండిలో నేను మొదట చూసేది ఇదే. అలాగే వదిలేస్తే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్‌తో ప్రతి వాల్వూ కొలవండి. చాలా పెట్రోల్ ఇంజిన్లలో ఇన్‌టేక్‌కు 0.2, ఎగ్జాస్ట్‌కు 0.3 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మీ బండికి సరైన అంకె మాన్యువల్‌లోదే.

నాలుగు సిలిండర్లూ సమానంగా తక్కువ చూపిస్తే టైమింగ్ తప్పి ఉండొచ్చు. తోడుగా పీ0016 కోడ్ (క్రాంక్, కామ్ ఒకదానితో ఒకటి కలవడం లేదని చెప్పేది) కూడా వస్తే అనుమానం బలపడుతుంది. కామ్ స్ప్రాకెట్ మీద ఒక్క పన్ను తేడా క్రాంక్ లెక్కలో 15 నుంచి 20 డిగ్రీలు. క్రాంక్‌ని స్పానర్‌తో, ఇంజిన్ తిరిగే దిక్కులోనే, రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు చూడండి. చైన్ బండిలో రంగు లింకులు అప్పుడు మార్కుల మీదికి రావు. అది తప్పు కాదు, బిగించేటప్పుడే వాటి అవసరం. స్ప్రాకెట్ మార్కులు కలిశాయా లేదా అన్నదే చూడండి.

వచ్చే పాఠంలో లీక్-డౌన్ పరీక్ష, అంటే సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసే పరీక్ష, చేస్తాం. ఈలోగా మంచి కండిషన్‌లో ఉన్న బండి ఒకటి దొరికితే దాని నాలుగు సిలిండర్ల కంప్రెషన్, మొదటి దెబ్బ అంకెలతో సహా, రాసి పెట్టుకోండి. ఆ అంకెల పక్కన పెట్టే లీక్-డౌన్ ఫలితాన్ని చదువుతాం.