పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి: కాపీ చేయవలసినవి, మళ్లీ వేసుకోవలసినవి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత యంత్రాల్లో విండోస్ 11 అధికారికంగా నడవదు కనుక చిన్న కార్యాలయాలకూ డీటీపీ సెంటర్లకూ కొత్త కంప్యూటరు కొనక తప్పడం లేదు. కొనడం ఒక పూట పని, తరలింపు మాత్రం అలా కాదు. ఫైళ్లను కాపీ చేస్తే సరిపోతుంది కానీ, సాఫ్ట్‌వేర్ కాపీ చేస్తే రాదు. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం చిక్కులు తప్పుతాయి.

ముందు ఫైళ్ల సంగతి చూద్దాం. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డి డ్రైవ్ అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉంటాయి: అవుట్‌లుక్ ఉత్తరాలు దాచుకునే పీఎస్‌టీ ఫైలు, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ డేటా ఫోల్డరు, యాప్‌డేటా అనే దాచి ఉంచిన ఫోల్డరులోని కొన్ని సెట్టింగులు, అన్నిటికీ మించి ఫాంట్లు. అను వంటి యూనికోడేతర (అన్ని యంత్రాలూ గుర్తించే ప్రామాణిక పద్ధతిలో లేని) ఫాంట్లలో టైపు చేసిన పాత పుస్తకాలు, కరపత్రాలు ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగులో కాక అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపిస్తాయి. అందుచేత ఆ ఫాంట్లను, కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలరును ముందుగా భద్రపరచి, ముఖ్యమైన పేజీలను పాత కంప్యూటరులోనే పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోవాలి. మళ్లీ సవరించడానికి పీడీఎఫ్ పనికిరాకపోయినా, పేజీ అసలు ఎలా ఉండేదో సరిచూసుకోవడానికి అదే ఆధారం.

వన్‌డ్రైవ్ వాడుతున్నవారు ఫైలు పక్కన మేఘం గుర్తు ఉందేమో చూడాలి. ఆ గుర్తున్న ఫైలు మీ డిస్కులో లేదు, ఇంటర్నెట్‌లోనే ఉంది. కాపీ చేయదలిస్తే ముందు దానిని దించుకోవాలి.

కాపీకి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మేలు. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలునైనా స్వీకరించదు కనుక, అందులో ఉన్నదంతా వేరేచోట దాచి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా గానీ ఎక్స్‌ఫ్యాట్‌గా గానీ మళ్లీ ఫార్మాట్ చేయాలి. ఎప్పుడూ కాపీయే చేయండి, కట్ చేయవద్దు. మధ్యలో కరెంటు పోయినా, కేబులు కదిలినా కట్ చేసిన ఫైళ్లలో ఏవి ఎక్కడున్నాయో తేల్చడం కష్టం. పని ముగిశాక రెండు వైపులా ఫోల్డరు ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, పరిమాణం సరిపోల్చాలి. సంఖ్య సరిపోయినంత మాత్రాన తృప్తి పడకుండా ఒక పాత ఫొటో, ఒక పెద్ద వీడియో, ఒక ఎక్సెల్ షీటు తెరిచి చూడాలి.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరును కాపీ చేసి తెచ్చుకున్నంత మాత్రాన అది పని చేయదు, ఎందుకంటే దాని వివరాలు చాలావరకు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో నమోదై ఉంటాయి. తయారీదారు వెబ్‌సైటు నుంచి ఇన్‌స్టాలరు దించుకుని కొత్తగా వేసుకోవాలి. తెలిసినవారు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే ‘ఫుల్ వెర్షన్’తో కొత్త యంత్రానికి ఆరంభోత్సవం చేయకపోవడమే మంచిది; దానితో పాటు వైరస్ కూడా ఉచితంగా రావచ్చు.

లైసెన్సుల దగ్గర వరుస ముఖ్యం. ట్యాలీ లైసెన్సును పాత కంప్యూటరులో సరెండర్ చేసిన (అంటే వదులుకున్న) తరువాతే కొత్తదానిలో యాక్టివేట్ చేయాలి. కొత్త వెర్షన్ వేస్తుంటే కంపెనీ డేటాకు ఏ మార్పూ చేయని కాపీ ఒకటి విడిగా ఉంచండి, ఎందుకంటే డేటా ఒకసారి కొత్త రూపంలోకి మారితే పాత వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు. జీఎస్టీ, టెండర్ల కోసం వాడే డిజిటల్ సంతకం మాత్రం యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది; కొత్త కంప్యూటరులో దాని డ్రైవరుతో పాటు ఆయా పోర్టళ్లు అడిగే సంతకం సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోవాలి. క్రోమ్ పాస్‌వర్డులు పాత విండోస్ ఖాతాతో ముడిపడి సంకేతరూపంలో ఉంటాయి గనుక ప్రొఫైల్ ఫోల్డరు కాపీ చేసినా రావు. గూగుల్ ఖాతాతో సింక్ చేసి తెచ్చుకోవడమే సరైన దారి.

పాత డిస్కుకు బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారాన్ని సంకేతరూపంలో ఉంచే విండోస్ తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోవాలి. ఆ డిస్కును మరో యంత్రానికి తగిలించినప్పుడు అదే అడుగుతుంది.

పాత కంప్యూటరును వెంటనే అమ్మవద్దు. కొత్తదానిలో ఒక నెల లెక్కలు ముగిసి, ఒక రిటర్ను దాఖలై, ఒక పుస్తకం ప్రింటుకు వెళ్లేదాకా దానిని అలాగే ఉంచాలి. తరువాత రీసెట్‌లో ‘అన్నీ తొలగించు’తో పాటు డ్రైవును శుభ్రం చేసే ఎంపికను కూడా ఎంచుకోవాలి. అమ్మకంలో వచ్చే సొమ్ము స్వల్పమైతే డిస్కును విప్పి మీ దగ్గరే ఉంచుకుని, యూఎస్‌బీ కేసులో అమర్చి బ్యాకప్‌గా వాడుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో ఉండే మూడున్నర అంగుళాల డిస్కు అయితే విడిగా పవర్ అడాప్టర్ ఉన్న కేసునే అడిగి కొనాలి.