ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) వాడేవాళ్లు మానసిక మందు మొదలుపెట్టే ముందు

విశాఖ కేజీహెచ్‌లో ఏఆర్‌టీ, చినవాల్తేరులో మానసిక వైద్యం. చీటీలు రెండు, డాక్టర్లు ఇద్దరు, చాలా మందులను కరిగించే కాలేయం మాత్రం ఒక్కటే. కొత్త మాత్ర మింగే ముందు ఇవి చూసుకోండి.

• ఏఆర్‌టీ స్ట్రిప్ మీద రిటోనవిర్ పేరుందా? అది క్వెటియాపిన్ అనే మానసిక మందును కరగనివ్వదు. రక్తంలో మందు పేరుకుని విపరీతమైన మగత వస్తుంది, బీపీ పడిపోతుంది. ఈ జోడీకి క్వెటియాపిన్ మోతాదును ఆరో వంతుకు తగ్గించాలి. ఆ లెక్క డాక్టరే వేయాలి. పిమోజైడ్, లురాసిడోన్ అనే మానసిక మందులైతే రిటోనవిర్‌తో అసలు కలపకూడదు.

• ఎఫావిరెంజ్ అనే ఏఆర్‌టీ మందుతో కథ తిరగబడుతుంది: క్వెటియాపిన్ చాలక లక్షణాలు మళ్లీ మొదలవ్వొచ్చు.

• మానసిక మందు క్లోజాపిన్, ఏఆర్‌టీ మందు జిడోవుడిన్ రెండూ తెల్లకణాలను తగ్గించగలవు. రక్తపరీక్ష తప్పించొద్దు.

• ఇప్పుడు ఎక్కువమంది వాడే టీఎల్‌డీతో (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపిన మాత్ర) టెన్షన్ తక్కువే. అయితే మూడ్ కోసం కార్బమజెపిన్ రాస్తే వెంటనే చెప్పండి, అది డోలుటెగ్రవిర్‌ బలాన్ని తగ్గిస్తుంది.

• జబ్బు పేరు చెప్పడానికి నోరు రాకపోతే స్ట్రిప్పులన్నీ బల్ల మీద పెట్టండి, డాక్టరుకు అర్థమైపోతుంది. దాచడమే అసలు ప్రమాదం.

• మగతగా ఉందని ఏ మందూ సొంతంగా ఆపొద్దు. రిటోనవిర్ ఆగితే క్వెటియాపిన్ మోతాదూ మళ్లీ మార్చాలి.