బెంగళూరు హాస్టల్లో పిల్లల్ని చేర్చే తెలుగు తల్లిదండ్రులకు, ఒక వార్డెన్ రాస్తున్నది

మధ్యాహ్నం 3:40కి మా బడి బస్సులు కదులుతాయి. డే స్కాలర్లు కిటికీల్లోంచి చేతులూపుకుంటూ ఇళ్లకి వెళ్లిపోతారు. చివరి బస్సు గేటు దాటి మలుపు తిరిగేదాకా వేపచెట్టు కింద నిలబడి చూసే పిల్లలు ఏటా జూన్‌లో నలుగురైదుగురు ఉంటారు. అందరూ కొత్తగా హాస్టల్లో చేరినవాళ్లే. ఉత్త హాస్టలు బడి అయితే అందరిదీ ఒకటే పరిస్థితి. డే స్కాలర్లూ హాస్టలు పిల్లలూ కలిసి చదివే బడిలో మాత్రం, పొద్దున్నుంచీ పక్క బెంచీలో కూర్చున్నవాడు అమ్మ దగ్గరికి పోతుంటే రోజూ చూడాలి. తల్లిదండ్రులు ఫీజు గురించి, ర్యాంకుల గురించి గంటసేపు అడుగుతారు. ఈ మూడూ నలభై గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నాది హిందూపురం. కనకపుర రోడ్డు వైపున్న ఒక ప్రైవేటు బడిలో పద్నాలుగేళ్లుగా చిన్నపిల్లల హాస్టలు చూసుకుంటున్నాను. ఐదు నుంచి ఎనిమిదో తరగతి దాకా అరవై మంది. సగానికి పైగా మనవాళ్లే: అనంతపురం, కర్నూలు, నెల్లూరు, హైదరాబాదు.

బడి చూడ్డానికి పొద్దున పదకొండింటికి రాకండి. ఆ వేళకి దుప్పట్లు మడతపెట్టి ఉంటాయి, వరండా తుడిచి ఉంటుంది, పిల్లలు క్లాసుల్లో ఉంటారు. మీకు కనిపించేది మంచాలే. సాయంత్రం ఆరింటికి వస్తామని అడగండి. ఆటలయ్యి, స్నానాలయ్యి, స్టడీ అవర్ మొదలయ్యే ఆ వేళలోనే హాస్టలు ఎలాంటిదో తెలుస్తుంది. ఏడుస్తున్న పిల్ల దగ్గర ఎవరైనా పెద్దవాళ్లు కూర్చున్నారా? బాత్రూమ్ తలుపులకు లోపల గడియలున్నాయా? మేడమీద సోలార్ ఉందని చూపిస్తారు, మంచిదే. కానీ జూలైలో ఇక్కడ వారాల తరబడి మబ్బు పట్టి ఉంటుంది. అప్పుడు వేడినీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో అడగండి. రాత్రి ఆ అంతస్తులో పడుకునే పెద్దమనిషి ఎవరు, వాళ్ల గది తలుపు పిల్లలు తట్టవచ్చా అని కూడా అడగండి.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. "ఎవరైనా పిల్లవాడు పెద్దవాళ్ల మీద ఫిర్యాదు చేస్తే మీరేం చేస్తారు?" "మా దగ్గర అలాంటివి జరగవండీ" అన్నారంటే ఆ బడి గురించి మరోసారి ఆలోచించుకోండి. ఎవరికి చెప్పాలో, ఎవరు రాసుకుంటారో, మీకు ఎప్పుడు ఫోన్ చేస్తారో వరసగా చెప్పగలిగిన బడి నయం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది, దాచిపెట్టిన సంస్థ పెద్దకి శిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలకు కనిపించేచోట గోడమీద రాసి ఉందో లేదో చూడండి. మీ పిల్లకి ఆ నంబరు నోటికి వచ్చేలా నేర్పి పంపండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. వార్డెన్‌కి ఒక ఉత్తరం రాయండి. అప్లికేషన్ ఫారంలో బ్లడ్ గ్రూపు ఉంటుంది, ఆధార్ ఉంటుంది, మీ పిల్లవాడు మాత్రం ఉండడు. తెలుగులోనే రాయండి, రెండు పేజీలైనా సరే. మూడేళ్ల కిందట నెల్లూరు నుంచి వచ్చిన ఒకమ్మ నాకిచ్చిన కాగితంలో ఇలా ఉంది: "వీడికి జ్వరం వస్తే చెప్పడు, ఎడమచెవి పట్టుకుని కూర్చుంటాడు." ఆగస్టులో ఒక సాయంత్రం స్టడీ అవర్లో వరసల మధ్య నడుస్తుంటే, వాడు కుడిచేత్తో లెక్కలు చేస్తూ ఎడమచేత్తో చెవి పట్టుకుని ఉన్నాడు. మొహం మామూలుగానే ఉంది, లెక్కలూ కరెక్టే. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. సిక్ రూమ్‌లో చూస్తే 102 ఉంది. ఆ ఒక్క వాక్యం లేకపోతే నాకు తెల్లారేదాకా తెలిసేది కాదు.

ఏం రాయాలంటే: ఎలా నిద్రపోతాడు, దేనికి భయపడతాడు, కోపం వస్తే అరుస్తాడా మూగపోతాడా, ఒంట్లో బాగాలేనప్పుడు ఏం పెడితే తింటాడు. ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయారా. మీ ఇద్దరి మధ్య సరిగా లేకపోతే అది కూడా. మేం ఎవరికీ చెప్పం, కానీ మాకు తెలియాలి. ఆడపిల్లయితే నెలసరి మొదలైందా, మొదలవకపోతే మీరు చెప్పి ఉంచారా అన్నది కూడా రాయండి.

పక్క తడిపే అలవాటు ఉంటే దయచేసి దాచకండి. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆరో తరగతి పిల్లవాడొకడు తడిసిన దుప్పటి మడిచి పరుపు కింద పెట్టేసేవాడు. మూడో వారంలో వాసన వచ్చి పరుపెత్తి చూశాను. "ఎవరిదిరా ఇది?" అని అందరి ముందూ అడిగేశాను. ఆ తప్పు నాదే. వాడు నెలరోజులు నాతో మాట్లాడలేదు, మంచం మార్చినా మాట్లాడలేదు. అప్పట్నుంచీ నా బీరువా కింది అరలో ఉతికిన దుప్పట్లు ఎప్పుడూ ఉంటాయి. పొద్దున ఐదింటికి తలుపు తట్టి "ఆంటీ" అంటే చాలు, ఇచ్చేస్తాను, ఒక్క మాట అడగను. పక్క తడపడం బద్ధకం కాదు, చాలా ఇళ్లలో తండ్రికో మేనమామకో చిన్నప్పుడు ఉండి ఉంటుంది. వయసుతో తగ్గుతుంది, తగ్గకపోతే డాక్టరు ఉన్నారు.

మందుల సంగతి. ఆయాసం ఉన్న పిల్లలకు ఇన్‌హేలర్, డాక్టరు చీటీతో సహా సిక్ రూమ్‌లో ఇవ్వండి. పెట్టె అడుగున బట్టల మధ్య మాత్రలు పెట్టి పంపకండి. వానలు మొదలైనప్పట్నుంచీ ఇక్కడ డెంగీ భయం ఉంటుంది. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చూడకుండా మేం వేయం. డెంగీలో అవి రక్తస్రావం తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది. పిల్లవాడు పెట్టెలోంచి తీసి తనే వేసుకుంటే మాకు తెలిసే దారి లేదు.

పెట్టె సర్దేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది చలి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. జూన్‌లో నెల్లూరు నిప్పులు చెరుగుతుంటే ఇక్కడ సాయంత్రం గాలికి ఒళ్లు జలదరిస్తుంది. స్వెట్టరు, మేజోళ్లు, మందపాటి దుప్పటి ఉండాలి. బట్టల మీద దోబీ నంబరు మార్కర్‌తో రాస్తే నాలుగు ఉతుకుల్లో పోతుంది, దారంతో కుట్టండి. ఊరగాయ గాజుసీసాలో వద్దు, డబ్బాలో పెట్టండి, నలుగురికీ పంచుకునేంత పెట్టండి. ఇక్కడి సాంబారులో బెల్లం తగులుతుంది, మొదటివారం మన పిల్లలు ముద్ద మింగరు. ఆవకాయ నూనె చుక్కతో పెరుగన్నం తిని నిలదొక్కుకున్నవాళ్లు ఎందరో. కన్నడంలో "ఊట ఆయ్తా?" అంటే "అన్నం తిన్నావా?" అని. మా ఆయాలు రోజూ అడిగేది అదే. ఆ మాట అర్థమైతే తమ గురించే అడుగుతున్నారని తెలుస్తుంది. అమ్మదో నాయనమ్మదో వాడిన నూలుచీర ఒకటి ఉతక్కుండా పెట్టండి. దానికి ఇంటి వాసన ఉంటుంది. పోయినేడు ఒక పిల్ల దసరా దాకా నాయనమ్మ చీర కప్పుకునే పడుకుంది.

దించే రోజు మధ్యాహ్నానికి వచ్చేయండి. మీరూ పిల్లవాడూ కలిసి పక్క వేయండి, మెస్‌లో కలిసి తినండి, మూడు లోపల బయల్దేరండి. చెప్పకుండా జారుకోవద్దు. "వెళ్తున్నాం, ఆదివారం ఫోన్ చేస్తాం" అని చెప్పి వెళ్లండి, ఏడ్చినా సరే. ఆ తర్వాత ఏడుపు నేను చూసుకుంటాను.

రాని తేదీ మాత్రం చెప్పకండి. ఒక తండ్రి ఏడుపు ఆపడానికి "శనివారం వచ్చి తీసుకెళ్తాలే" అనేసి వెళ్లారు. శనివారం భోజనం కాగానే పిల్లవాడు పెట్టె సర్దుకుని, బూట్లు వేసుకుని, గేటు దగ్గర పెట్టె మీద కూర్చున్నాడు. ఏ కారు హారన్ వినిపించినా లేచేవాడు. టిఫిన్ అక్కడికే తీసుకెళ్లి ఇచ్చాను, ఉప్మా అలాగే చల్లారిపోయింది. స్టడీ బెల్ కొట్టాక తనే లేచి, పెట్టె మోసుకుంటూ మెట్లెక్కాడు. నన్ను మొయ్యనివ్వలేదు. వాడు మళ్లీ మా మాట నమ్మడానికి సంక్రాంతి దాటింది.

ఆదివారం ఫోన్ పదిహేను నిమిషాలు. "ఏడుస్తున్నావా? బాగా చూస్తున్నారా? తిండి బాగుందా?" అని ఊపిరాడకుండా అడిగితే పిల్లకి ఏడుపే వస్తుంది. ఇంటి సంగతులు చెప్పండి: కుక్క ఏం చేసింది, పక్కింట్లో ఏం జరిగింది. తర్వాత ఒక్క చిన్న విషయం అడగండి, "నీ పక్క మంచంలో ఎవరు?" లాంటిది. ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు ఫోన్ పట్టుకుని ఉంటే చాలు. పెట్టేశాక నాకు ఒకసారి చేయండి. చాలాసార్లు మీరు అక్కడ అన్నం మానేసి కూర్చున్న వేళకి వాడు ఇక్కడ క్యారమ్స్ ఆడుతుంటాడు. మొదటి వారం కంటే మూడో వారం కష్టం, కొత్త సరదా తీరి బెంగ అప్పుడు పట్టుకుంటుంది. అప్పుడు వచ్చి తీసుకెళ్లిపోవద్దు.

అయితే మామూలు బెంగ వేరు, దిగులు వేరు. బెంగ సాయంత్రాలు వస్తుంది, ఆటలో మర్చిపోతాడు. రోజూ పొద్దున్నే కడుపునొప్పి, ఇష్టమైన ఆట మానేయడం, తిండి తగ్గి మొహం వాడిపోవడం, తన వస్తువులు పంచిపెట్టేయడం, బతకాలని లేదనడం కనిపిస్తే ఆదివారం దాకా ఆగకండి. మేం గమనించకపోయినా మీకు అనుమానమొస్తే వచ్చేయండి. ఈ ఊళ్లోనే మానసిక వైద్యానికి పెద్దాసుపత్రి నిమ్హాన్స్ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి రాత్రీపగలూ డబ్బు లేకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మూడూ నలభైకి మేం చేసేది చెప్తాను. కొత్తపిల్లల్ని ఊరికే నిలబడనివ్వం. బస్సులు కదిలే వేళకే టిఫిన్ బెల్ కొట్టిస్తాను. తర్వాత వాళ్ల చేతికి నీళ్ల గొట్టం ఇచ్చి మెస్ వెనక కూరల మడికి పంపుతాను. మీరు చేయగలిగింది ఒకటుంది: పక్క బెంచీ డే స్కాలర్ ఇంటివాళ్లతో పరిచయం పెంచుకోండి. నెలకో ఔట్‌పాస్ ఆదివారం వాళ్లింట్లో భోంచేసి వస్తే, ఆ తర్వాత బస్సు వెళ్లిపోవడం అంత కొరుకుడు పడని విషయంగా ఉండదు. కానీ తీసుకెళ్లేవాళ్ల పేరూ ఫొటో మీ సంతకంతో మా రిజిస్టర్లో ఉండాలి. లేకపోతే సొంత మేనమామ వచ్చినా పంపం. గేటు దగ్గర గొడవపడకండి, ఆ కట్టుబాటు మీ పిల్లకోసమే.

ఇక్కడ సంక్రాంతికి ఒక్కరోజే సెలవు. భోగీ కనుమా బడి ఉంటుంది. ఆ మూడు రోజులూ ఇంటి ఫొటోలు పంపడం కంటే, వారం ముందే అరిసెల పార్సిల్ పంపండి. భోగి పొద్దున మన పిల్లలతో హాస్టల్ ముందు ముగ్గు పెట్టిస్తాను, కన్నడ పిల్లలూ చుక్కలు కలుపుతారు.

దసరాకి ఇంటికొచ్చాక మొదటి రెండ్రోజులు నిద్రపోనివ్వండి, ప్రశ్నలు వద్దు. మధ్యమధ్యలో కన్నడం దొర్లితే బాధపడకండి. తిరిగి దించేటప్పుడు రాత్రి తొమ్మిదింటికి, లైట్లు ఆర్పే వేళకి తీసుకురావద్దు. చీకట్లో తడుముకుంటూ పక్క వేసుకుని ఒక్కడే ఏడుస్తాడు. నాలుగు లోపల తీసుకురండి. పక్క మంచం వాడు కూడా అప్పటికి దిగి ఉంటాడు, ఇద్దరూ పెట్టెలు విప్పి ఎవరేం తెచ్చారో చూసుకుంటారు.