ఎండాకాలం కరెంటు బిల్లు తగ్గాలంటే

మే నెలలో వరంగల్‌లో రాత్రి ఎనిమిదింటికి పైగది గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి, ఇంకా కాలుతూనే ఉంటుంది. ఏసీ ఆ వేడితోనే కొట్లాడాలి. అందుకే మొదటి ఖర్చు డాబా మీద పెట్టండి, మార్చిలోనే శుభ్రంగా కడిగి తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో రెండు కోట్లు వేయించండి. మా ఇంట్లో సున్నం వేశాకే ఫ్యాన్ కింద నిద్ర పట్టింది.

మనవి పొడి ఎండలు, వానలు పడేదాకా చాలామందికి కూలర్ సరిపోతుంది. కానీ దాన్ని గది మధ్యలో పెట్టి తలుపులు మూస్తే ఉక్కపోతే! కిటికీకి బిగించి, ఎదురు కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, గడ్డి గట్టిపడితే మార్చేయాలి.

ఏసీ 24–26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది. రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగండి.



తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఉన్నవాళ్లు మాత్రం రీడింగ్ తీశాక ఇరవయ్యో రోజున మీటర్ చూసుకోండి. 130 యూనిట్లు దాటితే అప్పుడే జాగ్రత్తపడాలి, నెలకు 200 దాటితే జీరో బిల్లు రాదు.